ప్రాసెసర్ 90 సూపిస్తే బుగులు పడాల్నా?

మల్లాపూర్ దిక్కు ఎండకాలం 44 డిగ్రీలంటే కొత్త ముచ్చట గాదు. రేకుల రూంల కూసోని పాటల వీడియోలు ఎడిటింగ్ చేసే పోరగాళ్లు నన్నడుగుతున్నరు: "అన్నా, ప్రాసెసర్ 90 సూపిస్తుంది, కాలిపోతదా?"

కాలిపోదు. ఇప్పటి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లల్ల శానా వాటికి హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000లల్ల శానా వాటికి 95. హద్దు కాడికి రాంగనే చిప్ తనంతట తనే వేగం తగ్గించుకుంటది. ఇంకా పెరిగితే మిషిన్ బందైతది. ఫుల్ లోడ్ల 85 లోపుంటే నిమ్మలంగుండున్రి. ఎప్పుడు సూసినా హద్దు కాడనే ఉంటే మీ రెండరింగ్ టైం పెరుగుతది, గదే నష్టం.

అసలు లెక్క రూందే. 28 డిగ్రీల రూంల 75 ఉన్న చిప్, అదే పనికి 43 డిగ్రీల రూంల 90 దాక పోతది. దుకాణపాయన వాటర్ కూలింగ్ పెట్టుమంటడు. అది గూడ రూం గాలితోనే సల్లారాలె గదా! నాయిన దుబాయిల కష్టపడి పంపిన పైసలు అండ్ల పోసే ముందు డబ్బా ఇప్పి వరికోతల దుమ్ము దులుపున్రి. దులిపేటప్పుడు ఫ్యాను తిరగకుంట వేలుతోని పట్టుకోవాలె. చిప్ మీద పేస్టు ఎండితే మార్చాలె. పెద్ద రెండరింగ్ రాత్రికి పెట్టుకోవాలె.

ఇంటెల్ 13, 14 తరం చిప్‌ల కత మాత్రం వేరే. అండ్ల కొన్ని ఎక్కువ వోల్టేజీతోని దెబ్బతిన్నయి. 2024ల కంపెనీ వారంటీ రెండేండ్లు పెంచింది, ఆగస్టుల మైక్రోకోడ్ ఇచ్చింది. అవి ఉన్నోళ్లు బయాస్ అప్‌డేట్ చేసుకోన్రి, నడుమల కరెంటు పోకుంట సూసుకోని.