గొఱ్ఱెల పొదుగులో దాగియుండు వ్యాధి

కృష్ణా డెల్టాలో వరికోతలును, పిదప మినుము, పెసర కోతలును ముగిసిన మాగాణులయందు గొఱ్ఱెలమందలను కట్టించి నేల సారమును పెంచుకొనుట రైతులకు వాడుకయే. సొంతముగా మందలు గల రైతులును పెక్కురు కలరు. ఈతకాలమున కొన్ని పిల్లలు ఎదుగక బక్కచిక్కి చనిపోవుచుండును. కడుపులో పురుగులనియో, మేత చాలదనియో రైతులు తలంచుదురు. ఆ కారణములును ఉండవచ్చును. కాని తల్లి పొదుగును తడవి చూచువారు అరుదు. నెల్లూరు జాతి గొఱ్ఱెలను మనము పాలకొఱకు పెంచము గనుక, పొదుగునందలి లోపము పిల్ల క్షీణించినపుడే తెలియుచున్నది.

వ్యాధి లక్షణములు

పొదుగువాపు రెండు విధములు. మొదటిది బయటికి కనబడునది. పొదుగు ఎఱ్ఱబారి వేడిగా నుండును. గొఱ్ఱె వెనుకకాలు కుంటుచు పిల్లను దరిజేరనీయదు. పాలు నీరువలె గాని, తరకలతో గాని, నెత్తురుతో గాని వచ్చును. తీవ్రమైనచో పొదుగు నల్లబడి చల్లబడును. ఒకటి రెండు దినములలోనే గొఱ్ఱె చనిపోవచ్చును. ఇట్టి వాపునకు కారణమగు సూక్ష్మజీవిని ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు నోకారు 1887లో వర్ణించెను.

రెండవది దాగియుండునది. ఇందు పొదుగు ఆకారము మాఱదు. పాలు తెల్లగానే యుండును. కాని పరిమాణము తగ్గును. గొఱ్ఱె పొదుగునకు రెండు భాగములు. ఒక భాగపు పాలు వేఱొక భాగములోనికి పోవు. కావున ఒక భాగము చెడినచో పిల్లకు ఆ మేరకు పాలు తగ్గును. కవలపిల్లలున్నచో నష్టము మఱింత హెచ్చు.

పరీక్షించు విధము

ఈనిన వారము దినముల పిదప చేతులు కడుగుకొని, చనుమొనలను శుభ్రమైన గుడ్డతో తుడిచి, మొదటి ధారలను నల్లని గుడ్డపై పిండి తరకలున్నవేమో చూడవలెను. పిమ్మట లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడిని కరగించవలెను. రెండు తెల్లని సాసర్లలో ఒక్కొక్క భాగపు పాలను ఒక్కొక్క చెంచాడు వేఱువేఱుగా పిండి, అంతే సబ్బునీరు కలిపి నిమిషముసేపు మెల్లగా త్రిప్పవలెను. పలుచగా పారినచో భయము లేదు. జిగురువలె చిక్కబడినచో, సూక్ష్మజీవులతో పోరాడ వచ్చిన తెల్ల కణములు ఆ పాలలో మిక్కుటముగా నున్నవని అనుమానింపవలెను. ఒక భాగము చిక్కబడి రెండవది పలుచగా నున్నచో అనుమానము బలపడును. 1957లో అమెరికాలో వెలువడిన కాలిఫోర్నియా పరీక్షయు ఇట్టిదే. పరీక్షించిన పాలను పాఱబోయవలెను.

చేయవలసిన పనులు

1. అనుమానమున్న గొఱ్ఱెను పశువైద్యునికి చూపి, ఆయన చెప్పినన్ని దినములు మందు పూర్తిగా వాడవలెను. ఒకటి రెండు మోతాదులతో ఆపినచో వ్యాధి తిరుగబెట్టును. విజయవాడకు సమీపమున గన్నవరములో 1998లో పశువైద్య కళాశాల ఏర్పడినది.

2. మందను బురదలోను, నీరు నిలుచు చోటులలోను కట్టరాదు. ఈనిన గొఱ్ఱెలకు పొడినేల చూపవలెను.

3. ఆకలిగొన్న పిల్ల పలు తల్లుల చన్నులు కుడిచి సూక్ష్మజీవులను వ్యాపింపజేయును. పిల్ల మూతిమీద గాని, చనుమొనమీద గాని పుండ్లున్నచో వెంటనే చికిత్స చేయించవలెను.

4. పిల్లలను పాలు మాన్పించిన పిదప ప్రతి గొఱ్ఱె పొదుగును తడవి చూచి, గట్టి గడ్డలున్నవానిని మఱల ఈతకు ఉంచరాదు.

కావున రైతులెల్లరు పిల్ల ఎదుగకున్నప్పుడు మొట్టమొదట తల్లి పొదుగును పరీక్షింపవలయును.