యుద్ధ వ్యతిరేక చిత్రాలు: చరిత్ర, కల్పన

యుద్ధాన్ని నిరసించే చలనచిత్రం ప్రేక్షకుని కదిలించాలి. అదే సమయంలో చరిత్రకు కట్టుబడి ఉండాలి. ఈ రెండింటిని సమన్వయించడం సులభం కాదు.

మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన జర్మన్ రచయిత ఎరిక్ మరియా రిమార్క్ నవల 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' 1929లో గ్రంథరూపంలో వెలువడింది. ఉపాధ్యాయుని ఉద్బోధతో సైన్యంలో చేరిన పాల్ అనే విద్యార్థి కథ అది. 1918 అక్టోబరులో, పోరు సద్దుమణిగిన ఒకనాడు అతడు మరణిస్తాడు. ఆ మరణం ఎవరికీ వార్త కాదు.

1930లో లూయిస్ మైల్‌స్టోన్ దీనిని చిత్రంగా మలిచాడు. అందులో పాల్ సీతాకోకచిలుకను అందుకోబోయి తూటాకు బలి అవుతాడు. ఈ సన్నివేశం నవలలో లేదు. అయినా కందకాల యుద్ధంలో అటువంటి మరణాలు సర్వసాధారణం. కనుక ఇది సత్యానికి దూరం కాని కల్పన. ఆ ఏడాది డిసెంబరులో నాజీలు బెర్లిన్‌లో ప్రదర్శనలను భగ్నం చేశారు. ఆ నెలలోనే జర్మనీలో చిత్రం నిషేధానికి గురైంది. దాని శక్తికి ఇదే నిదర్శనం.

2022లో ఎడ్వర్డ్ బెర్గర్ తీసిన చిత్రంలో, నవంబరు 11న యుద్ధవిరమణకు కొద్ది నిమిషాల ముందు ఒక సేనాని దాడికి ఆజ్ఞాపిస్తాడు. ఆ దాడి కల్పితం. ఆనాడు పదకొండు గంటల వరకు ప్రాణాలు పోతూనే ఉన్నాయన్నది మాత్రం వాస్తవం. అమెరికా సైనికుడు హెన్రీ గుంథర్ 10 గంటల 59 నిమిషాలకు మరణించాడు. అయితే దోషమంతా ఒక్క సేనానిపై మోపితే ప్రేక్షకుడు అతనిని ద్వేషిస్తాడు, యుద్ధాన్ని మరచిపోతాడు.

కంటతడి పెట్టించిన దృశ్యంలో నిజమెంతో విచారించడం మృతులపట్ల మన కర్తవ్యం.