పొద్దుగూకే వేళ రిషివ్యాలీలో మాటలుండవు

మదనపల్లె: కురబలకోట మండలంలోని రిషివ్యాలీ పాఠశాలలో సాయంత్రం పూట పిల్లలంతా ఒకచోట చేరి పడమటి దిక్కుగా కూర్చుంటారు. పాట లేదు, ఉపన్యాసం లేదు. కొండల వెనక్కి సూర్యుడు దిగేదాకా ఊరకే చూస్తుంటారు. దీన్ని అక్కడ 'అస్తాచల్' అంటారు. ఆ కాసేపు ఎవరి మనసులో ఏం తిరుగుతున్నదో వారే చూసుకోవాలి. దీనికి మార్కులు వేసేవారు లేరు!

ఈ బడికి మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలోనే 1895 మే నెలలో పుట్టారు. అప్పట్లో ఈ ఊరు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఎనిమిదో సంతానం కావడంతో కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. 1905లో, పిల్లవాడికి పదేళ్లప్పుడు, తల్లి సంజీవమ్మ కన్నుమూశారు. చదువు రాదని బడిలో దెబ్బలు తిన్న ఆ కుర్రవాడికి తమ్ముడు నిత్యానందమే పెద్ద తోడు. బడిలో భయం ఉండకూడదని ఆయన తర్వాత అంతగా పట్టుబట్టడానికి ఆ దెబ్బలూ ఒక కారణమేమో.

1909లో కుటుంబం మద్రాసు అడయారుకు చేరింది. రాబోయే జగద్గురువు ఈ బాలుడేనని దివ్యజ్ఞాన సమాజం పెద్దలు నిర్ణయించారు. 1911లో ఆయన్ను అధిపతిగా ఉంచి ఒక సంఘమే స్థాపించారు.

ఇంతలో తమ్ముడికి క్షయ పట్టుకుంది. మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం ఆస్పత్రి పుణ్యమా అని ఆ జబ్బు సంగతి ఈ ప్రాంతం పాతతరానికి బాగా తెలుసు. తమ్ముడికి ఏమీ కాదని పెద్దలు చెప్పారు, అన్న నమ్మారు. 1925 నవంబరులో అమెరికాలోని ఒహాయ్‌లో నిత్యానందం చనిపోయాడు. ఆ సమయానికి కృష్ణమూర్తి ఇండియాకు వచ్చే ఓడలో ఉన్నారు. కబురు ఓడకే అందింది. రాత్రిళ్లు తమ్ముణ్ణి తలచుకుని ఏడ్చేవారనీ, కొలంబో చేరేసరికి ముఖం తేటపడిందనీ అదే గదిలో ప్రయాణించిన మిత్రుడు తర్వాత చెప్పారు. దుఃఖాన్ని తప్పించుకోకుండా దానితోనే కూర్చున్నారన్నమాట. మన ఊళ్లలో చావింటికి వెళ్లి 'ఊరుకో, ఊరుకో' అంటాం. ఏడ్చేవారు ఏం చెప్పాలనుకుంటున్నారో వినేవారు తక్కువ.

1929 ఆగస్టు 3న హాలెండ్ దేశంలోని ఒమ్మెన్‌లో సుమారు 3 వేలమంది ఎదుట ఆ సంఘాన్ని కృష్ణమూర్తి స్వయంగా రద్దు చేశారు. కానుకలుగా వచ్చిన ఆస్తులు వెనక్కి ఇచ్చేశారు. గురువునని చెప్పుకోకుండానే అరవై ఏళ్లకు దగ్గరగా దేశదేశాలు తిరిగి మాట్లాడారు.

సభల సంగతి అందరికీ తెలుసు. ఒంటరిగా వచ్చినవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినడం ఆయన చేసిన మరో పని. ఆ సంభాషణలే 1956 నుంచి 1960 వరకు మూడు సంపుటాలుగా, 'కామెంటరీస్ ఆన్ లివింగ్' పేరుతో అచ్చయ్యాయి. వచ్చినవారి పేర్లు అందులో లేవు. ఆప్తులు పోయినవారు, పదవికి ఆరాటపడేవారు, సన్యాసులు అందరూ ఉన్నారు. ఓదార్పు మాటలు మాత్రం ఎక్కువగా కనబడవు. దుఃఖం దేనికోసమో నీలోకే చూసుకో అన్నట్టు ప్రశ్న తిప్పి అడుగుతారు. కొందరికిది కఠినంగా తోస్తుంది. అయితే, వినడమంటే అవుననీ కాదనీ ముందే తేల్చుకోకుండా వినడమని ఆయన పదేపదే చెప్పినది మాత్రం ఏ ఇంటికైనా పనికొస్తుంది. లోపల జవాబు కూర్చుకుంటున్నవాడికి ఎదుటివాడి మాట చెవికెక్కదు. తండ్రీకొడుకులకైనా, ఆలుమగలకైనా మాట తెగేది అక్కడే కదా.

రిషివ్యాలీకి కృష్ణమూర్తి చివరిసారి వచ్చింది 1985 చలికాలంలో. మరుసటి ఏడాది ఫిబ్రవరి 17న, తమ్ముడు పోయిన ఒహాయ్‌లోనే, 90 ఏళ్ల వయసులో ఆయనా కన్నుమూశారు.