నెలసరి దినములలో యోగాభ్యాసము

యోగాభ్యాసపు గంట కొట్టగానే బాలికలందఱు చాపలు పఱచుకొని వరుసలు తీర్తురు. ప్రతిదినమును ఇద్దఱో ముగ్గురో వరుస విడిచి గోడప్రక్కను కూర్చుందురు. ఏమని యడిగినచో తలనొప్పి యందురు. మేమును చాలకాలము ఆ తలనొప్పిని నమ్మితిమి. పిమ్మట నమ్ముట మాని కోపించితిమి. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలిక నొకతెను అందఱియెదుట లెమ్మని గద్దించి సర్వాంగాసనము వేయించితిమి. ఆమె మాఱు పలుకక వేసెను. గంట ముగిసిన పిమ్మట, తోడి బాలికలందఱు వెళ్లువఱకు ఆమె గోడకు వీపానించి కదలక నిలువబడి యుండుట చూచిన తరువాత గాని మేము చేసిన పని మాకు తెలిసిరాలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కాలమున మాకును శరీరశాస్త్రమును బోధించిరి గాని, ఈ అధ్యాయము వచ్చినప్పుడు ఇంటివద్ద చదువుకొనుడనిరి. మేము చదువలేదు. ఇప్పుడు చదివినదానిని, వైద్యురాండ్ర నడిగి తెలిసికొన్నదానిని, తరగతిలో చూచినదానిని ఇందు వ్రాయుచున్నాము. తల్లులు దీనిని కుమార్తెలతో కలిసి చదువవలెనని మా కోరిక. తండ్రులు చదివినను తప్పులేదు.

గర్భాశయపు లోపలిపొర ప్రతినెలయు దళసరియగును. గర్భము నిలువనప్పుడు ఆ పొర ఊడి రక్తముతో కలిసి వెలుపలికి వచ్చును. ఇదియే నెలసరి. ఇది చెడురక్తము కాదు, మలినమును కాదు. సాధారణముగా రెండు మొదలు ఏడు దినములు ఉండును; మొత్తము పోవు రక్తము సుమారు 30 లేక 40 మిల్లీలీటర్లు, అనగా రెండు మూడు పెద్ద చెంచాలు మాత్రమే. క్రొత్తగా ఈడేరిన బాలికలకు 21 దినములు మొదలు 45 దినముల లోపల ఎప్పుడు వచ్చినను భయపడ నక్కఱలేదు. పొరను వెడలగొట్టుటకై గర్భాశయపు కండరము బిగియుచు సడలుచు నుండును. ప్రోస్టగ్లాండినులను పదార్థములు దానిని బిగియించును. అవి అధికమైనచో పొత్తికడుపునను నడుమునను నొప్పి, కొందఱికి వాంతులు, విరేచనములు కూడ కలుగును. మొదటి రెండు దినములలో ఈ బాధ హెచ్చు. కాబట్టి నొప్పి యని చెప్పిన బాలిక నటించుటలేదు.

ఇక యోగము మాట. నేడు పాఠశాలలలో నేర్పు ఆసనముల వరుసలో చాల భాగము 1930 దశాబ్దమున మైసూరు రాజభవనములో కృష్ణమాచార్యులవారు బోధించిన పద్ధతినుండి వచ్చినది. అక్కడ నేర్చుకొన్నవారు ముఖ్యముగా బాలురు. బాలుర దేహమునకు కూర్చిన వరుసను బాలికలచేత నెల పొడుగునను మార్పులేక చేయింపవలెనను నియమ మెక్కడను లేదు. ఆయన శిష్యులలో నొకరైన బి. కె. ఎస్. అయ్యంగారు 1966లో ప్రకటించిన గ్రంథమున ఈ దినములలో ఆసనములు మానుమనియు, స్రావ మధికమైనచో బద్ధకోణాసనాది కొన్నింటిని వేయవచ్చుననియు, తలక్రిందుగా నిలుచుట మాత్ర మెంతమాత్రమును కూడదనియు చెప్పిరి. ఆయన కుమార్తె గీతా అయ్యంగారు 1983లో స్త్రీలకొఱకే వేఱు గ్రంథము వ్రాసిరి. దిండ్లు, దుప్పట్లు, కుర్చీల ఆధారముతో ఆసనములు వేయు పద్ధతి వారి పూనా విద్యాలయమున బాగుగా పెంపొందినది.

తలక్రిందు ఆసనములు ఏల కూడదని బాలికలు తఱుచుగా అడుగుదురు. అపానవాయువు క్రిందికి పోవలసినది, దానికి అడ్డు రాగూడదని యోగాచార్యు లందురు. రక్తము వెనుకకు పోయి రోగము కలుగునని మఱికొంద ఱందురు. ఈ రెండవ మాట ఋజువైనది కాదు. స్రావమును వెడలించునది ముఖ్యముగా కండరముయొక్క బలమే గాని భూమ్యాకర్షణము కాదు. బరువే తెలియని అంతరిక్షమునకు పోయిన స్త్రీలకును నెలసరి యథాప్రకారము వచ్చినది. కొంత రక్తము నాళములగుండ కడుపులోనికి పోవుట, నిలుచున్నను పరుండినను, చాలమంది స్త్రీలకు జరుగునదే. దానిని 1927లో శాంసన్ అను అమెరికా వైద్యుడు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధితో ముడిపెట్టెను. అంతమాత్రమున శీర్షాసనము వలన ఆ వ్యాధి కలుగునని తేలలేదు. కనుక తెలియక వేసిన బాలిక భయపడవలదు. అయినను మేము ఆ దినములలో వానిని వేయింపము. తల తిరుగవచ్చును, ప్యాడు తొలగవచ్చును, బట్టలు తడియునేమో యను చింతతో వేసిన ఆసనమున విశ్రాంతి యేమున్నది?

వేయదగినవి చెప్పెదము. గోడకు వీపానించి, మడిచిన దుప్పటిపై కూర్చుండి, అరికాళ్లు రెండును చేర్చి, మోకాళ్ల క్రింద చెఱియొక దిండు పెట్టుకొనిన బద్ధకోణాసనము. అయిదు నిమిషములు ఉండవచ్చును. దీనినే నడుము మొదలు తలవఱకు నిలువుగా దిండు వేసికొని పరుండి చేసినచో సుప్తబద్ధకోణాసనము. మోకాళ్లు ఎడముగా పెట్టి, కడుపు క్రింద దిండు నుంచుకొని ముందుకు వాలిన బాలాసనమును మా బాలికలు మిక్కిలి ఇష్టపడుదురు. కొందఱు నిద్రించెదరు కూడ, మేము లేపము. చేతులును మోకాళ్లును నేల నానించి వీపును మెల్లగా ఎత్తుచు దించుచు చేయు మార్జాలాసనము నడుము నొప్పికి హాయి. వెల్లకిల పరుండి పిక్కలను కుర్చీమీద పెట్టుకొనుట మఱియొకటి. ఇందు నడుము నేలనే యుండును గాన ఇది తలక్రిందు ఆసనము కాదు. ఊపిరి బిగబట్టని నాడీశోధనము, మోకాళ్ల క్రింద దిండుతో శవాసనము ఎల్లరికిని తగును. మూడవనాటినుండి ఓపిక గలవారు తాడాసనము, త్రికోణాసనము, సూర్యనమస్కారములు సగము లెక్కతో మెల్లగా చేయవచ్చును.

కపాలభాతి, భస్త్రిక, ఉడ్డీయానబంధము, నౌళి, మయూరాసనము, ధనురాసనము, పొట్టను గట్టిగా మెలిపెట్టునవి మొదటి రెండు దినములు విడుచుట మేలు. ఇవి విషమని కాదు. నొచ్చుచున్న కడుపును నొక్కుట యెందుకని.

తక్కిన మూడు వారముల అభ్యాసము మఱింత ముఖ్యము. వారమునకు మూడుమాఱులకు తక్కువ గాకుండ, మాఱునకు ముప్పావుగంట మొదలు గంటవఱకు వ్యాయామము చేసిన స్త్రీలకు నెలసరి నొప్పి తగ్గవచ్చునని 2019లో కాక్రేన్ సంస్థవారు ప్రకటించిన సమీక్ష తెలుపుచున్నది. నొప్పినాడు వేడినీళ్ల సంచియు మేలు చేయును.

తలిదండ్రులకు రెండు మాటలు. వంగి లేచినప్పుడు కన్నులు చీకటిక్రమ్ముచున్నవని చెప్పు బాలికకు కావలసినది ఆసనము కాదు, రక్తపరీక్ష. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కనబడినది. పాఠశాలలో వారమున కొకటిగా ఇచ్చు నీలిరంగు ఇనుపమాత్రను దాచి పాఱవేయకుండునట్లు చూడుడు. ప్రతి గంటకును ప్యాడు మార్చవలసి వచ్చినను, ఏడు దినములు మించినను, మూడు నెలలు రాకపోయినను, పదునైదేండ్లు నిండినను ఈడేరకున్నను, మందు వేసికొన్నను నొప్పిచేత నెలనెలయు బడి మానవలసి వచ్చినను, పెండ్లియైన తరువాత సర్దుకొనునని ఊరకుండక వైద్యురాలికి చూపుడు. సువార్తలో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ జనసమూహములో వెనుకనుండి వచ్చినది. మన బిడ్డలు అంతకాలము వేచి వెనుకనుండి రానక్కఱలేదు.

ఇప్పుడు మా తరగతిలో గోడవైపు రెండు చాపలు, నాలుగు దిండ్లు, రెండు కుర్చీలు ఎల్లప్పుడును ఉండును. కావలసిన బాలిక ఎవ్వరిని అడుగక అక్కడికి పోవచ్చును. కాలు బెణికినవారును, జ్వరము తగ్గి వచ్చినవారును అక్కడికే పోదురు గాన ఎవరెందుకు పోయిరో ఒకరికి తెలియదు, మేమును అడుగము. దిండ్లకు ముదురురంగు గలేబులు వేయుడని చెప్పినవారు పదవ తరగతి బాలికలు. అది మాకు తోచలేదు.