మామిడి కాయకు సంచి, సంచికి ముద్ర
కొనేముందు చూడవలసినవి

విజయనగరం: మామిడి కాయలకు సంచులు తొడగడం, కూరగాయల మళ్లపై పలుచని తెల్లగుడ్డ కప్పడం ఉత్తరకోస్తా రైతులకు ఇప్పుడు కొత్త విషయాలు కావు. అయితే సరుకు అంతా చూపుకు ఒక్క తీరుగానే ఉంటుంది. కోత వరకు నిలిచేదేదో, పక్షం రోజుల ఎండకే పిగిలేదేదో దుకాణంలో చెప్పడం కష్టం. ఈ చిక్కు తీర్చడానికే నాణ్యత ముద్ర.

సంచి ఎందుకు?

సుందరి అని కూడా పిలిచే సువర్ణరేఖ ఈ ప్రాంతపు పేరున్న రకం. ఇక్కడి మామిడి ఉత్తరాది మార్కెట్లకు పోతుంది. 2021లో విజయనగరం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు కిసాన్ రైలులో కూడా వెళ్లింది. దూరపు మార్కెట్‌లో మచ్చ లేని కాయకు ఒక ధర, మచ్చ కాయకు మరో ధర. కాయ కోడిగుడ్డంత అయినప్పుడు సంచి తొడిగితే పండు ఈగ గుడ్లు పెట్టలేదు, ఎండ దెబ్బ, కొమ్మల రాపిడి తగ్గుతాయి. పైన గోధుమరంగు, లోపల నల్లరంగు ఉండే రెండు పొరల కాగితపు సంచి మామిడికి ఎక్కువగా వాడుకలో ఉంది.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పది మీటర్ల ఎడంలో ఎకరాకు 40 చెట్లు వస్తాయి. చెట్టుకు 300 కాయలకు తొడిగితే 12,000 సంచులు కావాలి. సంచికి అర్ధ రూపాయి తక్కువన్న సరుకు కొంటే మిగిలేది 6,000 రూపాయలు. ఆ సంచులు వేసవి జల్లుకు నాని చిరిగితే సంచుల సొమ్ము, నిచ్చెనలెక్కి కట్టిన కూలీల ఖర్చు, కాయ ధరలో తరుగు మూడూ రైతు నెత్తినే పడతాయి. సీజనులో మళ్లీ కట్టే వ్యవధి ఉండదు.

తూకం ఒక్కటే చాలదు

పంటపై కప్పే తెల్లగుడ్డ నేసినది కాదు. పాలీప్రొపిలీన్ దారాలను పరచి, వేడితో అతికించి తయారు చేస్తారు. దీని మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. మార్కెట్‌లో ఎక్కువగా వినిపించే రకం 17 గ్రాములది. మీటరు అరవై సెంటీమీటర్ల వెడల్పు, వంద మీటర్ల పొడవు గల చుట్టలో 160 చదరపు మీటర్లుంటాయి. అంటే గొట్టం బరువు తీసేస్తే చుట్ట 2 కిలోల 720 గ్రాములు తూగాలి. 2 కిలోల 240 గ్రాములే తూగితే అది 14 గ్రాముల సరుకు. ఈ పరీక్షకు దుకాణం కాటా చాలు.

కాని అసలు లోపం కాటాకు అందదు. పాలీప్రొపిలీన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసెక్కి పొడి అవుతుంది. దానిని ఆపే రసాయనాన్ని తయారీలోనే కలపాలి. అది కలిపారో లేదో, ఎంత కలిపారో కంటికి తెలియదు. ప్రయోగశాలలో కృత్రిమ ఎండకు పెట్టి, తరువాత గుడ్డ బలం ఎంత తగ్గిందో చూడాలి. విడి రైతు చేయించుకోగల పని కాదిది.

ముద్ర చెప్పేదేమిటి?

1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ పని 1987 ఏప్రిల్ 1 నుంచి భారత ప్రమాణాల బ్యూరోకు వచ్చింది. ఐఎస్ఐ ముద్ర పేరు మాత్రం మారలేదు. ముద్ర కోరే ఫ్యాక్టరీని బ్యూరో అధికారులు తనిఖీ చేస్తారు, నమూనాలు పరీక్షిస్తారు, ఆ తరువాతే లైసెన్సు ఇస్తారు. పిమ్మట కూడా ఫ్యాక్టరీ నుంచి, మార్కెట్ నుంచి నమూనాలు తీస్తుంటారు. ముద్ర పైన ఐఎస్ అంకె, కింద సీఎం/ఎల్ లైసెన్సు అంకె ఉండాలి. లైసెన్సు అంకెను బ్యూరో వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, సరుకు వివరం వస్తాయి.

రైతులు పొరబడే చోట్లు మూడున్నాయి. మొదటిది, ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ ఫ్యాక్టరీ నిర్వహణ పద్ధతికి సంబంధించినది, చేతిలోని సంచికి పూచీ కాదు. రెండవది, ప్రయోగశాల నివేదిక ఆ పంపిన నమూనాకే వర్తిస్తుంది, లాటు మొత్తానికి కాదు. మూడవది, ముద్ర కంపెనీకి కాదు, సరుకుకు. నీడ వలకు లైసెన్సు ఉన్న తయారీదారు అదే ముద్రను పండ్ల సంచిపై వేయరాదు. 2023లో కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ వ్యవసాయ జౌళి సరుకులకు నాణ్యత నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. కాగితపు సంచి జౌళి సరుకు కాదు గనుక ఆ ఉత్తర్వును చూపి కాగితపు సంచి అమ్మితే నమ్మరాదు.

ముద్ర లేని సంచి కొనక తప్పనప్పుడు ముందు కొద్దిగా తెచ్చి, రాత్రంతా నీటిలో నానబెట్టి అతుకు నిలుస్తుందేమో, కట్టే తీగ ఊడిపోతుందేమో చూడటం మంచిది. కొన్ని చెట్లకు కట్టి చూశాక పెద్ద లాటుకు ఆర్డరు ఇవ్వవచ్చు.

బిల్లు తప్పక తీసుకోవాలి. అందులో రకం, బరువు, లాటు అంకె, ముద్ర ఉంటే లైసెన్సు అంకె రాయించాలి. ముద్ర ఉన్న సరుకు ప్రమాణానికి తగ్గితే నష్టపరిహారం కోరే వీలు 2016 నాటి బ్యూరో చట్టంలో ఉంది. బిల్లు లేకుండా అది కోరడం కష్టం.