నాగదేవతకు నమస్కారం, పాముకాటుకు ఆసుపత్రి

కార్తిక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోయని కుటుంబం మా దివిసీమలో అరుదు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని సర్పరూపంలో కొలిచే ఈ గడ్డమీదనే, వరినాట్ల వేళ వచ్చిందంటే పాముకాటు భయం ఇంటింటా ఉంటుంది.

2018 ఆగస్టులో ఆ భయం మితిమీరింది. పొలాల్లో కాటుకు గురైనవారు అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి వరుసగా వచ్చారు. నెలాఖరున దేవాదాయశాఖ మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం జరిపించింది. కొందరు ఎగతాళి చేశారు. నాకు మాత్రం అందులో తప్పు తోచలేదు. యాగం మనసుకు ధైర్యమిస్తుంది. విషానికి విరుగుడు ఆసుపత్రి సీసాలో ఉంటుంది. ఆ సీసా సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

నా చిన్నతనంలో మా చిన్నాన్న రాత్రివేళ చేనికి నీరు మళ్ళించడానికి వెళ్ళి రక్తపింజరి కాటుకు గురైనాడు. కాలికి తాడు బిగించి, మంత్రగాని వద్దకు మోసుకుపోయారు. తెల్లవారేసరికి చిగుళ్ళనుండి రక్తం, ఎర్రని మూత్రం. అప్పుడు ఆసుపత్రికి బయలుదేరారు. మూడవనాడు ఆయన మాకు దక్కలేదు. ఆ రాత్రి పోయిన గంటలే ఆయన ప్రాణం తీశాయని పెద్దయిన తరువాత ఒక వైద్యుడు వివరించగా తెలిసింది.

మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర. ఈ నాలుగింటికీ ఒకే మందు. తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం పాములనుండి విషం సేకరిస్తుంది. దానిని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు పుడుతుంది; దానినే శుద్ధిచేసి మందుగా నింపుతారు. కనుక కరచిన పామును చంపి తెచ్చి చూపించనక్కరలేదు. అలా వెంటాడి రెండవసారి కాటు తిన్నవారూ ఉన్నారు.

ఆసుపత్రిలో ముందుగా కొద్దిపాటి రక్తాన్ని పొడి గాజుగొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్లే. కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం నాగు, కట్లపాముల విష లక్షణాలు. కట్లపాము నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, గుర్తు లేకపోవచ్చు, తెల్లవారి కడుపునొప్పితో బయటపడుతుంది. విషలక్షణాలు కనబడితే సాధారణంగా 10 సీసాల మందుతో చికిత్స మొదలుపెడతారు. పసిబిడ్డకైనా పెద్దలకైనా మోతాదు ఒకటే, ఏలనంటే పాము మనిషి వయసు చూసి విషం వదలదు. లక్షణాలు లేకపోతే మందు ఇవ్వక, ఒక రోజు గమనిస్తారు. అప్పుడు వైద్యునితో తగవు పెట్టుకోరాదు. ఈ మందు కొందరికి వికటిస్తుంది.

ఊపిరి అందనివారికి కృత్రిమశ్వాస కావాలి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి డయాలసిస్ కావాలి. అటువంటివారిని పెద్దాసుపత్రికి పంపుతారు. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. గుడివాడ వైపు వారికి అక్కడి ప్రాంతీయ ఆసుపత్రి దగ్గర.

కాటు పడిన వెంటనే 108కి ఫోన్ చేయండి. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కాలో చేయో కదలకుండా కర్రబద్ద ఆనించి, నడిపించకుండా తీసుకువెళ్ళండి. మొక్కు స్వామికి దారిలోనే చెప్పుకోవచ్చు.

దాతలు ఏమివ్వాలని అడుగుతుంటారు. విరుగుడు మందును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగానే ఇస్తారు. రాత్రి గట్లపై తిరిగే కూలీకి టార్చిలైటు, మోకాలి బూట్లు, నేలపై పడుకునే ఇంటికి దోమతెర, వీలైతే మంచం ఇవ్వండి. నాట్లలో బూట్లు సాగవు, నిజమే; గట్టుమీద సాగుతాయి. మా పిన్ని నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, తిరిగివచ్చేటప్పుడు ఒక టార్చిలైటు కొని మా పాలేరు చేతికి ఇచ్చేది. నిరుడు కూడా ఇచ్చింది.