పెట్టె అడుగున పాత కలం: పాళీ కరిగించే ముందు ఒక్క మాట

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో ఒకప్పుడు జేబులో సిరా కలం ఉన్న మనిషంటే ఆ గౌరవమే వేరు. కరణం అడంగలు రాసినా, దస్తావేజు లేఖరి క్రయపత్రం రాసినా చేతిలో అదే ఉండేది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. బాల్‌పెన్నులు వచ్చి సిరాబుడ్లను మూలకు నెట్టాయి. నాటి కలాలు కొన్ని ఇప్పటికీ తాతల ట్రంకుపెట్టెల అడుగున ఉండవచ్చు. పాళీ పచ్చగా మెరిస్తే వెంటనే కంసాలి గుర్తుకు రావడం సహజం. అయితే అది జపాను కలమైతే తొందరపడరాదు.

జపానులో సెయిలర్ కంపెనీ 1911లో, పైలట్‌కు మూలమైన నమికి కంపెనీ 1918లో, ప్లాటినం 1919లో మొదలయ్యాయి. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరును ఎబొనైటు అంటారు. నమికి పనివారు ఎబొనైటు కలాలపై ఒక చెట్టు పాలను పొరలుపొరలుగా పూసి, బంగారు పొడితో పూలు, పక్షులు చిత్రించేవారు. 1930లో లండన్‌లోని డన్‌హిల్ సంస్థతో ఒప్పందం కుదరడంతో ఈ కలాలు పడమటి దేశాలకు చేరాయి. నేడు వీటిని సేకరించేవారు దేశదేశాలలో ఉన్నారు.

ఎబొనైటు మన రాష్ట్రానికీ కొత్త కాదు. రాజమండ్రిలో కె.వి. రత్నం చేసిన స్వదేశీ కలాన్ని వాడి చూసి, విదేశీ కలాలకు బదులు పనికివస్తుందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఫిల్లరుతో సిరా పోసే కలం కారి చొక్కా పాడుచేయడం మనవారందరూ ఎరిగినదే. పాత జపాను కలాలు కొన్నింటిలో దీనికి ఒక ఉపాయం ఉంది. వెనుక బిరడా బిగిస్తే లోపలి కడ్డీ సిరా దారిని మూసివేస్తుంది. రాసేటప్పుడు బిరడాను కాస్త వదులు చేస్తే సరి.

పైలట్ అని ఉన్నంత మాత్రాన జపానుదని నమ్మరాదు. మద్రాసులో తయారైనవీ ఉన్నాయి. పాళీపై అక్షరాలను భూతద్దంతో చూడాలి. ఉదాహరణకు జపాను పైలట్ పాళీపై 'హెచ్ 876' అని ఉంటే, హిరత్సుక కర్మాగారంలో 1976 ఆగస్టులో చేసినదని అర్థం.

14 క్యారెట్ల పాళీ అయినా బంగారం తూకం సాధారణంగా గ్రాముకన్నా తక్కువే. కరిగిస్తే వచ్చేది కొద్ది డబ్బే. అసలు పాళీ, మూత, గొట్టం చెడకుండా ఉన్న కలానికి సేకరించేవారు అంతకు ఎన్నో రెట్లు ఇవ్వవచ్చు. పాళీ మారిస్తే విలువ పడిపోతుంది.

గట్టిపడిన సిరా వదలడానికి పాళీ భాగాన్ని మాత్రమే చల్లని నీటిలో నానబెట్టాలి. వేడినీరు, ఎండ తగిలితే ఎబొనైటు నలుపు వెలిసిపోతుంది. మన సీమ ఎండలో కిటికీ దగ్గర ఉంచడం అసలే పనికిరాదు. మెరుగు పెట్టకూడదు, పేరు గీయించకూడదు.

అమ్మినా అమ్మకపోయినా, ఆ కలంలో మరల సిరా పోసి ఇంటి పిల్లల చేత ఒక పంక్తి రాయిస్తే, తాత చేతిరాత ఎంత నిదానంగా సాగేదో వారికి తెలుస్తుంది.